లవణం మారితే మందు మారుతుందా? అమెరికా పేటెంట్ వ్యాజ్యాలు, పెద్ద లా ఫర్మ్‌ల పనితీరు

రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్‌ను ఫైజర్ సంస్థ బెసిలేట్ లవణంగా తయారుచేసి నార్వాస్క్ పేరుతో అమ్మేది. మందులో పనిచేసే పదార్థాన్ని ఒక ఆమ్లంతో గానీ క్షారంతో గానీ కలిపి చేసిన రూపాన్నే ఇక్కడ లవణం అంటారు. అదే ఆమ్లోడిపిన్‌ను మాలియేట్ లవణంగా తయారుచేసి అమెరికాలో అమ్మడానికి హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు దరఖాస్తు చేసింది. ఫైజర్ పేటెంట్ అసలు గడువు 2003 ఫిబ్రవరి వరకే ఉంది. కానీ ప్రభుత్వ అనుమతుల కోసం వేచి ఉన్న కాలానికి బదులుగా చట్టం ఇచ్చే పొడిగింపు వల్ల అది 2006 దాకా అమలులో ఉండే పరిస్థితి ఏర్పడింది. ఆ పొడిగింపు ఎఫ్‌డీఏ ఆమోదించిన బెసిలేట్‌కే పరిమితమని, మాలియేట్‌కు వర్తించదని డాక్టర్ రెడ్డీస్ వాదించింది. న్యూజెర్సీ ఫెడరల్ జిల్లా కోర్టు 2002 డిసెంబరులో ఈ వాదనతో ఏకీభవించింది. పేటెంట్ అప్పీళ్లను విచారించే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు మాత్రం 2004 ఫిబ్రవరి 27న ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో, ఒకరి అసమ్మతితో, ఆ తీర్పును కొట్టివేసింది.

పొడిగింపు చట్టం నిర్వచనంలోనే క్రియాశీల పదార్థంతో పాటు దాని లవణాలు కూడా ఉన్నాయని మెజారిటీ పక్షాన తీర్పు రాసిన న్యాయమూర్తి పాలీన్ న్యూమన్ చెప్పారు. అంతకన్నా ఇబ్బందికరమైన విషయం మరొకటి ఉంది. డాక్టర్ రెడ్డీస్ తన దరఖాస్తులో ఆమ్లోడిపిన్ భద్రతకు, పనితీరుకు సంబంధించి ఫైజర్ సమర్పించిన పరీక్షా ఫలితాలపైనే ఆధారపడింది. రెండు లవణాల్లోనూ పనిచేసే మందు ఒకటే కాబట్టి మళ్లీ పరీక్షలు అక్కరలేదని నియంత్రణ సంస్థకు చెప్పిన కంపెనీయే, కోర్టుకు వచ్చేసరికి రెండూ వేరువేరు ఉత్పత్తులని చెప్పవలసి వచ్చింది. చట్టం దృష్టిలో ఈ రెండు మాటలకూ చోటు ఉండవచ్చు గానీ, ఒకే ఫైలులో రెండూ పక్కపక్కన కనబడినప్పుడు న్యాయమూర్తిని ఒప్పించడం చాలా కష్టమవుతుంది.

మూడేళ్ల తరువాత అదే చిక్కు ఫైజర్‌కే ఎదురయింది. బెసిలేట్ లవణంపై ఆ సంస్థకు మరో పేటెంట్ ఉండేది. కెనడాకు చెందిన అపోటెక్స్ దాన్ని సవాలు చేయగా, ఆ లవణాన్ని ఎంచుకోవడం ఆ రంగంలో నైపుణ్యం ఉన్నవారెవరికైనా తట్టే పనేనని, అందులో కనిపెట్టినది లేదని 2007 మార్చిలో ఫెడరల్ సర్క్యూట్ తేల్చింది. మందుల తయారీలో వాడదగిన 53 ఆనయాన్ల (లవణంలో మందుతో జతకట్టే రుణావేశ భాగాల) పట్టిక అప్పటికే ప్రచురితమై ఉంది. మాలియేట్‌తో మాత్రలు చేయడంలో ఇబ్బందులు వచ్చినందువల్లే ఫైజర్ శాస్త్రవేత్తలు ఇతర లవణాలను పరీక్షించారని సంస్థ సొంత పత్రాలే చూపాయి. లవణాల మధ్య తేడా లేదన్నట్టుగా 2004లో గెలిచిన సంస్థ, తన లవణానికి ప్రత్యేకత ఉందని 2007లో నిరూపించలేకపోయింది.

మూడో వ్యాజ్యంలో మళ్లీ డాక్టర్ రెడ్డీస్ ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే పెమెట్రెక్సెడ్‌ను ఎలై లిల్లీ సంస్థ డైసోడియం లవణంగా అలిమ్టా పేరుతో అమ్మేది. ఆ మందు ఇచ్చే ముందు ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ ఇచ్చి విషప్రభావాన్ని తగ్గించే చికిత్సా విధానంపై లిల్లీకి పేటెంట్ ఉండేది. ఆ పేటెంట్ క్లెయిములో, అంటే హక్కు పరిధిని నిర్ణయించే వాక్యంలో, స్పష్టంగా డైసోడియం అనే మాట ఉండటంతో డాక్టర్ రెడ్డీస్ ట్రోమెథమైన్ లవణాన్ని ఎంచుకుంది. కాగితం మీద చూస్తే ఉల్లంఘన లేనట్టే. కానీ పదానికి పదం సరిపోకపోయినా, సారంలో అదే పని చేసే ప్రత్యామ్నాయాన్ని కూడా ఉల్లంఘనగా చూసే సమానార్థక సూత్రం అమెరికా చట్టంలో ఉంది. ఈ సూత్రానికి ఒక హద్దు కూడా ఉంది. పేటెంటుదారు దరఖాస్తు దశలో తన క్లెయిమును తానే కుదించుకుని ఉంటే, వదులుకున్న భాగాన్ని తరువాత ఈ సూత్రం పేరుతో తిరిగి అడగకూడదు. లిల్లీ సరిగ్గా అలాగే యాంటీఫోలేట్ (పెమెట్రెక్సెడ్ చెందిన మందుల వర్గం) అనే విశాలమైన మాటను తీసేసి పెమెట్రెక్సెడ్ డైసోడియం అని రాసుకుంది. అయినా 2019 ఆగస్టులో ఫెడరల్ సర్క్యూట్ లిల్లీ పక్షానే నిలిచింది. ఆ సవరణ మెథోట్రెక్సేట్ వంటి ఇతర యాంటీఫోలేట్ల నుంచి తన మందును వేరుచేసుకోవడానికి చేసినదే తప్ప, పెమెట్రెక్సెడ్ ఇతర లవణాలను వదులుకోవడానికి కాదని కోర్టు భావించింది.

పదిహేనేళ్ల వ్యవధిలో వచ్చిన ఈ మూడు తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే, పెద్ద లా ఫర్మ్‌లోని మేధో సంపత్తి వ్యాజ్యాల విభాగం అసలు ఏ పని చేసి అంత ఫీజు తీసుకుంటుందో అర్థమవుతుంది. కోర్టు హాలులో జరిగే వాదన ఆ పనిలో చిన్న భాగం. ఒక కంపెనీ పేటెంట్ కార్యాలయంలో, ఔషధ నియంత్రణ సంస్థ ముందు, జిల్లా కోర్టులో, అప్పీలు కోర్టులో, మదుపరులకిచ్చే నివేదికల్లో చెప్పే మాటలు ఒకదానికొకటి అడ్డు రాకుండా చూడటం, ఎదుటి పక్షం మాటల్లో అలాంటి అతుకులు ఎక్కడ విడిపోయాయో వెతికి పట్టుకోవడం ఆ విభాగానికి ప్రధానమైన పని. ఈ పనికి సంవత్సరాల తరబడి ఒకే ఫైలును గుర్తుపెట్టుకునే బృందం కావాలి.

ఇలాంటి బృందాలు మొదటి నుంచీ పెద్ద ఫర్మ్‌లలో లేవు. ఇరవయ్యో శతాబ్దం చాలా భాగం వరకు అమెరికాలో పేటెంట్ వ్యాజ్యాలు ప్రత్యేకించి ఆ పనే చేసే చిన్న ఫర్మ్‌ల చేతిలో ఉండేవి. కంపెనీల విలీనాలు, బ్యాంకు రుణాలు చూసే పెద్ద ఫర్మ్‌లు ఇంజినీరింగ్ చదివిన ఈ న్యాయవాదులను తమలో కలుపుకోవడానికి అంతగా ఆసక్తి చూపలేదు. 1982లో ఫెడరల్ సర్క్యూట్ ఏర్పడి దేశంలోని పేటెంట్ అప్పీళ్లన్నీ ఒకే చోటికి చేరాక పేటెంట్లకు బలం పెరిగింది. దాని వెంటే పోలరాయిడ్, కొడాక్ వ్యాజ్యం వచ్చి అందరి కళ్లూ తెరిపించింది. తక్షణ ఫోటోల కెమెరా విషయంలో పోలరాయిడ్ 1976లో వేసిన దావాలో కొడాక్ 1985లో ఓడిపోయింది. 1986 జనవరిలో ఆ వ్యాపారాన్నే మూసుకుంది. చివరికి 1991లో 92.5 కోట్ల డాలర్లు చెల్లించింది. పేటెంట్ దావా ఒక కంపెనీలోని మొత్తం వ్యాపార విభాగాన్ని తుడిచిపెట్టగలదని తెలిశాక, పెద్ద ఫర్మ్‌లు ఆ రంగానికి దూరంగా ఉండటం మానుకున్నాయి.

ఆ వ్యాజ్యంలో పోలరాయిడ్ తరఫున ఫిష్ అండ్ నీవ్, కొడాక్ తరఫున కెన్యన్ అండ్ కెన్యన్ పనిచేశాయి. రెండూ పేటెంట్లకే అంకితమైన న్యూయార్క్ ఫర్మ్‌లు. ఫిష్ అండ్ నీవ్ 2005 జనవరిలో రోప్స్ అండ్ గ్రేలో కలిసిపోయింది. కెన్యన్ 2016లో ఆండ్రూస్ కర్త్‌లో చేరింది. పెన్నీ అండ్ ఎడ్మండ్స్ 2003 చివర మూతపడి, అందులోని న్యాయవాదులు చాలామంది జోన్స్ డేకు వెళ్లారు. లాస్ ఏంజెలిస్‌కు చెందిన లయన్ అండ్ లయన్ 2002లో, న్యూయార్క్‌కు చెందిన మోర్గన్ అండ్ ఫినెగన్ 2009లో తెరమరుగయ్యాయి. బోస్టన్‌లో 1878 నాటి మూలాలున్న ఫిష్ అండ్ రిచర్డ్‌సన్, 1965లో వాషింగ్టన్‌లో మొదలైన ఫినెగన్ హెండర్సన్ వంటి కొన్ని మాత్రం విడిగానే పెరిగి పెద్దవయ్యాయి. ఈ మార్పుకు డబ్బు ఒక్కటే కారణం కాదు. ఒక పెద్ద పేటెంట్ వ్యాజ్యంలో లక్షల పత్రాలను పరిశీలించాలి, నష్టపరిహారం లెక్కలకు ఆర్థికవేత్తలను కూర్చాలి, పోటీ చట్టం కింద వచ్చే ఎదురు దావాలకు సిద్ధంగా ఉండాలి. ఇన్ని రకాల నైపుణ్యాలు ఇరవై ముప్పై మంది న్యాయవాదులున్న ఫర్మ్‌లో ఒకేసారి దొరకడం కష్టం.

ఔషధ వ్యాజ్యాలకు ఈ ఏర్పాటులో ప్రత్యేక స్థానం ఉంది. 1984లో వచ్చిన హాచ్-వాక్స్‌మన్ చట్టం ఒక కాలపట్టికను ఏర్పరచింది. బ్రాండ్ కంపెనీ తన మందుకు వర్తించే పేటెంట్లను ఎఫ్‌డీఏ ప్రచురించే ఆరెంజ్ బుక్‌లో నమోదు చేస్తుంది. ఆ పేటెంట్ చెల్లదని, లేదా తమ ఉత్పత్తి దాన్ని ఉల్లంఘించదని జెనరిక్ కంపెనీ (అదే మందును బ్రాండ్ పేరు లేకుండా తయారుచేసే సంస్థ) ధ్రువీకరిస్తూ దరఖాస్తు చేయడాన్ని ఆ వర్గాల్లో పారా-4 అంటారు. ఆ సంగతి తెలుపుతూ పంపిన నోటీసు అందిన 45 రోజుల లోపు బ్రాండ్ కంపెనీ దావా వేస్తే, జెనరిక్‌కు తుది అనుమతి ఇవ్వకుండా ఎఫ్‌డీఏ సాధారణంగా 30 నెలల పాటు ఆగుతుంది. ఒక్క మాత్ర కూడా అమ్మకముందే, దరఖాస్తు చేయడాన్నే చట్టం ఉల్లంఘనగా పరిగణిస్తుంది కాబట్టి కోర్టులో విచారించడానికి వివాదం సిద్ధంగా ఉంటుంది. అమ్మకాలు జరగలేదు కాబట్టి నష్టపరిహారం ఉండదు. అందువల్ల ఈ కేసుల్లో జ్యూరీ కూర్చోదు, న్యాయమూర్తే తీర్పు ఇస్తారు.

మొదట సవాలు చేసిన దరఖాస్తుదారుకు 180 రోజుల పాటు ఇతర జెనరిక్‌ల పోటీ లేకుండా అమ్ముకునే హక్కు దక్కుతుంది. ప్రొజాక్ పేటెంట్‌ను బార్ లేబొరేటరీస్ సవాలు చేసి గెలిచాక, 2001 ఆగస్టులో 40 మిల్లీగ్రాముల ఫ్లుయాక్సెటిన్ క్యాప్సూళ్లను ఈ హక్కుతో అమెరికా మార్కెట్‌లోకి తెచ్చిన డాక్టర్ రెడ్డీస్, ఆ హక్కు పొందిన తొలి భారతీయ కంపెనీ అయింది. హైదరాబాద్ ఔషధ పరిశ్రమ అమెరికా న్యాయవాదుల ఫీజును ఖర్చుగా కాక పెట్టుబడిగా లెక్కవేయడం అప్పటి నుంచే బలపడింది. ఈ లెక్క సబబైనదే. ఆరు నెలల ఏకచ్ఛత్ర అమ్మకం కొన్ని మందుల విషయంలో మొత్తం వ్యాజ్య ఖర్చును ఎన్నో రెట్లు మించుతుంది.

నోటీసు లేఖ ఫర్మ్ చేతికి అందిన రోజు నుంచి ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడవచ్చు. మొదట ప్రయోజన సంఘర్షణ పరిశీలన జరుగుతుంది. వెయ్యిమంది న్యాయవాదులున్న ఫర్మ్‌లో ఎదుటి కంపెనీ మరో కార్యాలయంలో పన్నుల విషయంలో కక్షిదారుగా ఉండే అవకాశం తక్కువేమీ కాదు. అలా ఉంటే, ఆ కక్షిదారుల అనుమతి లేకుండా కేసు చేపట్టడం వృత్తి నియమాలకు విరుద్ధం. నియమాల ఇబ్బంది లేకపోయినా వ్యాపార ఇబ్బంది ఉంటుంది. బ్రాండ్ కంపెనీల పేటెంట్లను కాపాడే ఫర్మ్, రేపు జెనరిక్ తరఫున నిలబడి పేటెంట్ చట్టానికి సన్నటి అర్థం చెప్పాలని వాదిస్తే పాత కక్షిదారులు సహించరు. అందుకే అమెరికాలో ఈ పనిచేసే ఫర్మ్‌లు చాలావరకు బ్రాండ్ వైపు, జెనరిక్ వైపు అని రెండుగా చీలిపోయి ఉంటాయి. హైదరాబాద్ కంపెనీలు న్యూజెర్సీ, షికాగో ప్రాంతాల మధ్యతరహా ఫర్మ్‌లతో దీర్ఘకాల సంబంధాలు పెంచుకోవడానికి ఇది ఒక కారణం. ఫీజు రెండో కారణం. గంటకింత అని బిల్లు వేసే పద్ధతికి బదులు కేసు మొత్తానికి, లేదా దశకింత అని ముందే మాట్లాడుకునే ఒప్పందాలు జెనరిక్ వైపు ఎక్కువగా కనిపిస్తాయి.

తరువాత బృందం ఏర్పడుతుంది. వ్యూహం నిర్ణయించే భాగస్వామి, రోజువారీ పని నడిపే సీనియర్ అసోసియేట్లు, పత్రాలు చదివే జూనియర్లు, గడువులు గమనించే పారాలీగల్ సిబ్బంది, కర్బన రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ ఉన్న సాంకేతిక నిపుణులు ఉంటారు. డెలావేర్‌లో కేసు ఉంటే అక్కడి బార్‌లో సభ్యత్వం ఉన్న స్థానిక న్యాయవాదిని కలుపుకోవడం ఆ కోర్టు నియమాల ప్రకారం తప్పనిసరి. ఈ బృందం తొలి నెలల్లో చేసే పని పేటెంట్ దరఖాస్తు చరిత్రను మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదవడం. పేటెంట్ పరిశీలకుడు ఏ అభ్యంతరం చెప్పాడు, దరఖాస్తుదారు ఏ మాట మార్చాడు, మార్చినప్పుడు ఏ కారణం రాశాడు అన్నది ప్రతి వాక్యంలో వెతుకుతారు. పెమెట్రెక్సెడ్ కేసు అంతా ఆ చరిత్రలోని ఒక సవరణ మీద, దానికి ఇచ్చిన కారణం మీద నిలబడింది.

ఆ తరువాత క్లెయిముల అర్థ నిర్ణయం వస్తుంది. పేటెంట్‌లోని పదాలకు అర్థం చెప్పవలసింది జ్యూరీ కాదు, న్యాయమూర్తి అని సుప్రీంకోర్టు 1996లో మార్క్‌మన్ కేసులో స్పష్టం చేసినప్పటి నుంచి ఈ విచారణకే ఆ పేరు స్థిరపడింది. చాలా కేసులు నిజానికి ఇక్కడే తేలిపోతాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే కోపాక్సోన్ విషయంలో టెవా వేసిన వ్యాజ్యం అణుభారం అనే మాట చుట్టూ తిరిగింది. పాలిమర్ అణుభారాన్ని కనీసం మూడు రకాలుగా లెక్కించవచ్చు. పేటెంట్‌లో ఏ రకమో చెప్పలేదు. శాండోజ్, మైలాన్‌లతో పాటు హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా కూడా ప్రతివాదిగా ఉన్న ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అర్థ నిర్ణయంలో భాగంగా జిల్లా న్యాయమూర్తి నిపుణుల సాక్ష్యాన్ని బట్టి నిర్ధారించిన వాస్తవాలను అప్పీలు కోర్టు తేలిగ్గా పక్కన పెట్టకూడదని 2015 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా తిరిగి విచారించిన ఫెడరల్ సర్క్యూట్ ఆ క్లెయిములు అస్పష్టమైనవేనని, కాబట్టి చెల్లవని అదే ఏడాది తీర్పు చెప్పింది. నిపుణుడైన సాక్షిని ఎంచుకోవడంలో పెద్ద ఫర్మ్‌లు అంత సమయం, డబ్బు వెచ్చించడానికి కారణం ఈ తీర్పులో ఉంది.

సాక్ష్య సేకరణ దశ భారతీయ శాస్త్రవేత్తలకు అన్నిటికంటే కొత్తగా, కఠినంగా అనిపించే దశ. బాచుపల్లిలోనో జీడిమెట్లలోనో పనిచేసే ఫార్ములేషన్ శాస్త్రవేత్త ల్యాబ్ నోట్‌బుక్, బ్యాచ్ రికార్డులు, సహచరులకు రాసిన ఈమెయిళ్లు ఎదుటి పక్షం చేతికి వెళ్తాయి. మాత్రల నమూనాలు వాళ్ల నిపుణుల ఎక్స్-రే యంత్రాల కిందికి చేరతాయి. తరువాత డిపోజిషన్ ఉంటుంది. ప్రమాణం చేసి, స్టెనోగ్రాఫర్, వీడియో కెమెరా ముందు కూర్చుని, ఎదుటి న్యాయవాది అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఫెడరల్ నియమాల ప్రకారం ఇది ఒక రోజు, ఏడు గంటలకు పరిమితం. ఫలానా తేదీన ఈ పేజీలో మూడో లవణాన్ని ఎందుకు కొట్టేశారు, కొట్టేయమని చెప్పింది ఎవరు, ఆ ముందు రోజు పేటెంట్ విభాగం నుంచి వచ్చిన మెయిలులో ఏముంది అని ప్రశ్నలు వస్తాయి. ఎప్పుడో తొందరలో రాసిన ఒక్క పంక్తి నాలుగేళ్ల తరువాత కేసు దిశను మార్చగలదు. సాక్షిని అబద్ధం చెప్పించకుండా, ఊహించి చెప్పకుండా, అడిగినదానికే జవాబు చెప్పేలా సిద్ధం చేయడం న్యాయవాది బాధ్యత. దీనికి చట్ట పరిజ్ఞానం కంటే ఓపిక, ఆ శాస్త్రవేత్త మాట్లాడే తీరుపై గౌరవం ఎక్కువ అవసరం. ఈ పని సరిగా చేసే బృందాలకు హైదరాబాద్ కంపెనీల్లో ఉన్న విలువ న్యాయమైనదే.

ఈ దశలో మరో వింత పరిస్థితి కూడా ఉంటుంది. కోర్టు జారీచేసే గోప్యతా ఉత్తర్వుల కింద ఎదుటి కంపెనీ రహస్య పత్రాలను తరచుగా బయటి ఫర్మ్ న్యాయవాదులే చూడగలరు. కేసుకు డబ్బు కట్టే కంపెనీ సొంత అధికారులకు అవి చూపడానికి వీలుండదు. కాబట్టి రాజీ పడాలా, పోరాడాలా అని నిర్ణయించవలసిన యాజమాన్యం, తాను చూడలేని సాక్ష్యం గురించి తన న్యాయవాది ఇచ్చే అంచనా మీద ఆధారపడవలసి వస్తుంది. ఫర్మ్ పేరు ప్రతిష్ఠలకు కంపెనీలు ఇచ్చే ధరలో కొంత భాగం ఈ నమ్మకానికి ఇచ్చేదే.

ఏ కోర్టులో దావా వేయాలన్నది కూడా వ్యూహంలో భాగం. కంపెనీ నమోదైన రాష్ట్రంలో గానీ, ఉల్లంఘన జరిగి దానికి స్థిరమైన కార్యాలయం ఉన్న చోట గానీ మాత్రమే దేశీయ కంపెనీపై పేటెంట్ దావా వేయాలని 2017లో టీసీ హార్ట్‌ల్యాండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విదేశీ కంపెనీలకు ఈ రక్షణ లేదు. 2020 నవంబరులో ఫెడరల్ సర్క్యూట్ మైలాన్ కేసులో తీర్పునిస్తూ, ఆ బృందంలోని హైదరాబాద్ సంస్థ మైలాన్ లేబొరేటరీస్‌పై దేశంలోని ఏ జిల్లాలోనైనా దావా వేయవచ్చని స్పష్టం చేసింది. అందుకే తెలుగు రాష్ట్రాల కంపెనీలు తాము కోరుకోని కోర్టులో ప్రతివాదులుగా నిలబడటం మామూలు విషయం.

2011 నాటి అమెరికా ఇన్వెంట్స్ చట్టం వల్ల 2012 సెప్టెంబరు నుంచి పేటెంట్ కార్యాలయంలోనే అప్పటికే మంజూరైన పేటెంట్‌ను సవాలు చేసే మరో దారి ఏర్పడింది. కోర్టులో పేటెంట్ చెల్లదని స్పష్టమైన, బలమైన సాక్ష్యంతో నిరూపించాలి. ఇక్కడ సాక్ష్యం మొగ్గు ఎటు ఉందో చూపితే సరిపోతుంది. అయితే కోర్టు నోటీసు అందిన ఏడాది లోపే ఈ దరఖాస్తు వేయాలి. రెండు చోట్లా ఒకే పేటెంట్‌పై ఒకేసారి వాదించేటప్పుడు, ఒక చోట క్లెయిముకు విశాలమైన అర్థం చెప్పి మరో చోట సన్నటి అర్థం చెప్పకుండా చూసుకోవడం మళ్లీ అదే బృందం పని.

30 నెలలు గడిచి, తీర్పు ఇంకా రాకపోతే జెనరిక్ కంపెనీ కష్టమైన నిర్ణయం తీసుకోవాలి. తుది తీర్పుకు ముందే మందును మార్కెట్‌లోకి తెచ్చి, తరువాత ఓడితే భారీ పరిహారం కట్టే ప్రమాదాన్ని భరించడాన్ని ఎట్-రిస్క్ లాంచ్ అంటారు. నల్లమందు తరహా మందుల వ్యసనం నుంచి బయటపడేందుకు వాడే సుబాక్సోన్ ఫిల్మ్ విషయంలో డాక్టర్ రెడ్డీస్ 2018 జూన్‌లో అనుమతి రాగానే ఆ పని చేసింది. ఇండీవియర్ సంస్థ వెంటనే న్యూజెర్సీ కోర్టును ఆశ్రయించి అమ్మకాలు ఆపించింది. జూలైలో ప్రాథమిక ఇంజంక్షన్ (తుది తీర్పుకు ముందే అమ్మకాలు ఆపాలన్న కోర్టు ఉత్తర్వు) వచ్చింది. నవంబరులో ఫెడరల్ సర్క్యూట్ దాన్ని రద్దుచేసినా, 2019 ఫిబ్రవరి వరకు అమ్మకాలు మళ్లీ మొదలు కాలేదు. నిలిచిపోయిన ఆ కాలానికి, సంబంధిత వివాదాలకు ముగింపుగా ఇండీవియర్ 2022 జూన్‌లో డాక్టర్ రెడ్డీస్‌కు 7.2 కోట్ల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించింది. ఇంజంక్షన్ కోరే పక్షం పూచీకత్తు కట్టాలన్న నియమం కాగితాలకే పరిమితం కాదని ఈ కేసు చూపింది. వేసవిలో కొద్ది వారాల వ్యవధిలో జరిగిన ఆ పోరాటానికి రెండు పక్షాల్లోనూ రాత్రింబవళ్లు పనిచేయగల పెద్ద బృందాలు లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

ఇంత యంత్రాంగం కదిలినా ఎన్నో వ్యాజ్యాలు తీర్పు దాకా రావు, రాజీలో ముగుస్తాయి. రక్త క్యాన్సర్ మందు రెవ్లిమిడ్ విషయంలో నాట్కో, దాని అమెరికా భాగస్వామి 2015 డిసెంబరులో సెల్జీన్‌తో కుదుర్చుకున్న ఒప్పందం దీనికి మంచి ఉదాహరణ. 2022 మార్చి నుంచి మొత్తం అమ్మకాల్లో కొద్ది శాతానికి మించకుండా జెనరిక్‌ను అమ్మవచ్చు. ఆ పరిమితి ఏటా పెరుగుతూ చివరికి మూడో వంతు దాటకూడదు. 2026 జనవరి 31 నుంచి పరిమితి ఉండదు. నాట్కోకు ఇది విశేషమైన ఆదాయం తెచ్చింది. కానీ ఆ పేటెంట్లు నిజంగా చెల్లుతాయా అన్న ప్రశ్నకు ఆ వ్యాజ్యంలో జవాబు రాలేదు. బ్రాండ్ కంపెనీ జెనరిక్‌కు డబ్బు ఇచ్చి ఆలస్యం కొనుక్కునే రాజీలు పోటీ చట్టాన్ని ఉల్లంఘించవచ్చని సుప్రీంకోర్టు 2013లో ఆక్టావిస్ కేసులో చెప్పింది. 2003 నాటి చట్టం ప్రకారం ఇలాంటి ఒప్పందాలను పోటీ చట్టాన్ని అమలుచేసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు దాఖలు చేయవలసి ఉంది. డబ్బు చేతులు మారకుండా కేవలం తేదీల మీద కుదిరే రాజీని ఈ నియమాలు సాధారణంగా అడ్డుకోవు. రెండు పక్షాల న్యాయవాదులూ తమ కక్షిదారులకు మేలైన పనే చేశారనడంలో సందేహం లేదు. అయితే బలహీనమైన పేటెంట్ పరీక్షకు నిలబడకుండానే ఏళ్ల తరబడి ధరను నిలబెట్టినప్పుడు, ఆ గదిలో లేని రోగి దాని ఖర్చు మోస్తాడు. ఈ విధానంలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే.

భారతదేశంలో పరిస్థితి చాలా భిన్నం. పేటెంట్ వివాదాన్ని ఔషధ అనుమతితో ముడిపెట్టే ఏర్పాటు ఇక్కడ లేదు. అలా ముడిపెట్టాలన్న బేయర్ వాదనను ఢిల్లీ హైకోర్టు 2009లో తోసిపుచ్చింది. 30 నెలల ఆగడం లేదు, 180 రోజుల హక్కు లేదు, అమెరికా తరహా విస్తృత డిస్కవరీ (సాక్ష్య సేకరణ) కూడా లేదు. అందువల్ల పోరాటమంతా మధ్యంతర ఇంజంక్షన్ దశలోనే కేంద్రీకృతమవుతుంది. ఫర్మ్ న్యాయవాదులు అఫిడవిట్లు, నిపుణుల నివేదికలు సిద్ధం చేస్తే, సీనియర్ అడ్వకేట్ కోర్టులో వాదిస్తారు. మేధో సంపత్తి అప్పీలేట్ బోర్డును 2021లో రద్దుచేశాక ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది ప్రత్యేక మేధో సంపత్తి విభాగాన్ని ఏర్పాటు చేసుకుంది. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే అరుదైన వ్యాధికి వాడే రిస్డిప్లామ్ విషయంలో నాట్కోపై రోష్ వేసిన దావాను విచారించినది ఆ హైకోర్టే. అంతకుముందటి పేటెంట్‌లోని ఒక సమ్మేళనంలో కర్బన-హైడ్రోజన్ స్థానంలో నత్రజనిని పెట్టడం ఆ రంగం తెలిసినవారికి తట్టే పనేనన్న నాట్కో వాదనలో బలం ఉందని భావించి, సింగిల్ జడ్జి 2025 మార్చిలో ఇంజంక్షన్‌ను నిరాకరించారు. అక్టోబరు 9న డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరు 17న సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఆరు లక్షల రూపాయల దాకా ఉన్న సీసాకు బదులుగా నాట్కో అదే మందును 15,900 రూపాయల ధరతో మార్కెట్‌లోకి తెచ్చింది. ఈ ఉత్తర్వులన్నీ మధ్యంతర దశకు సంబంధించినవి కాబట్టి, ఆ పేటెంట్ చెల్లుతుందా లేదా అన్నది సాక్షుల విచారణ తరువాతే తుదిగా తేలవలసి ఉంటుంది.